కుడితి పడ్డ బోరు

మనుషులు చేసే పొరపాట్లలో చాలావరకు ఇంటి గుమ్మం దాటవు. నేను చేసింది మాత్రం భూమిలోకి దిగి, పక్క చేలోకి నడిచి, రాఘవయ్యగారి గేదెల దాకా వెళ్లింది. నిదానంగా చెబుతాను. తొందరపడితే ఏమవుతుందో ఆ రోజు చూశాను కదా.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లవి. సముద్రం మీద గ్యాసు బావులు తవ్వే రిగ్గులో కొత్తగా మడ్ ఇంజినీరునయ్యాను. అంటే తవ్వేటప్పుడు బావిలోకి పంపే చిక్కటి బురద కలిపేవాణ్ని. ఈ సంగతి మా అత్తయ్య ఊరందరికీ "మావాడు ఇంజినీరే గానీ, బురదకి" అని వివరించేది.

మేం తవ్వే చోటు పాతది. ఏళ్ల తరబడి గ్యాసు లాగేయడంతో ఒక పొర ఒత్తిడి తగ్గి నీరసించిపోయింది. దాని పైనా కిందా ఉన్న పొరలు మాత్రం మర్యాద తక్కువైన మగపెళ్లివారిలా వేడిగా ఉబ్బిపోయి ఉంటాయి. అక్కడ కొత్త బావి తవ్వాలంటే బురద బరువు సరిగ్గా కుదరాలి. తేలికైతే ఉబ్బిన పొర గ్యాసుని మన మొహాన కొడుతుంది. బరువైతే నీరసపు పొర చిట్లి, బురదంతా తాగేస్తుంది. అందుకని మా బాసు నాకు నేర్పింది ఒకటే: "బురద తగ్గుతోందా, ముందు పగులు మూసెయ్. ఆలోచన తరవాత." మూయడానికి మైకా, గింజల పెంకులు, పత్తిగింజల పొట్టు వాడేవాళ్లం. ఆలోచన తరవాత అన్న ముక్క నాకు బాగా వంటబట్టింది.

సెలవులో నందిగామ దగ్గర మావయ్య వాళ్ల ఊరు వచ్చాను. మిరపతోట పూత మీద ఉంది. బోరు ఎండిపోయింది. తడి అందకపోతే పూతంతా రాలి, ఆ ఏటి పంట అక్కడితో సరి. పక్క చేలో రాఘవయ్యగారి బోరు మాత్రం ధారగా పోస్తోంది. ఆ ఆశతో మావయ్య పాత బోరు పక్కనే కొత్తది వేయిస్తున్నాడు.

మడ్ ఇంజినీరుకి సెలవిస్తే మిరపచేలో హెల్మెట్ పెట్టుకున్నాడట. పెట్టుకున్నాను.

"ఏరా అల్లుడూ, తలకాయకేమైంది?" అన్నాడు మావయ్య.

"సేఫ్టీ మావయ్యా. ఇది డిప్లీటెడ్ ఫీల్డు, అంటే ఒట్టిపోయిన నేల. జాగ్రత్తగా ఉండాలి."

"పొలం నాది. దానికి నువ్వు పేర్లు పెట్టకు."

బోరుబండి మొదలైంది. దీనికి బురద అక్కర్లేదు, గాలి కొట్టి రాతిపొడిని పైకి ఎగదోస్తారు. నందిగామ, జగ్గయ్యపేటల వైపు నేల కింద సున్నపురాయి. కాసేపట్లో, చూడ్డానికొచ్చిన అత్తయ్యతో సహా అందరం పిండిమరలో పనివాళ్లలా తయారయ్యాం. ఉన్నట్టుండి పొడి రావడం ఆగిపోయింది.

"గాలి ఎటో పోతోంది సార్. లోపల పగులు తగిలినట్టుంది," అన్నాడు డ్రైవరు నాతో. నలుగురిలో హెల్మెట్ ఉన్నవాడికే చెప్పుకోవడం లోకరీతి.

సముద్రం మీదైతే ఈపాటికి సైరన్ మోగేది. ఇక్కడ ఆ పని నేనే చేశాను.

"ఆపండి. అత్తయ్యా, పత్తిగింజల పొట్టు ఉందా?"

"ఉంది. ఏం, ఆకలేస్తోందా?"

"పగులు మూయాలత్తయ్యా. తవుడు కూడా కావాలి."

"తవుడు గేదెలకిరా."

"ఇప్పుడు మూయకపోతే బోరే ఉండదు."

మావయ్య కాస్త తటపటాయించాడు. "వాడు సముద్రం అడుగున తవ్వి వచ్చినవాడే. తెండి," అన్నాడు.

పొట్టు, తవుడు, ఎర్రమట్టి నీళ్లలో కలిపి బస్తాలకు బస్తాలు బోరులో పోశాం. మళ్లీ గాలి కొట్టారు. లోపల గుడగుడమని, తర్వాత తెల్లటి పొడి ఎప్పటిలా ఎగజిమ్మింది. సన్మానానికి శాలువా ఎవరు తెస్తారా అన్నట్టు నిలబడ్డాను.

"చూశావా మావయ్యా, పగులు మాయం."

"మరి నీళ్లేవిరా?"

"వస్తాయి. కింద పొరలో ఉంటాయి."

తవ్వారు. ఇంకా తవ్వారు. పొడి తప్ప ఏదీ రాలేదు. వచ్చింది రాఘవయ్యగారొక్కరే. పంచె మోకాళ్ల దాకా తడిసింది, దోసిట్లో ఏదో పట్టుకున్నారు.

"బావా, నా పైపులోంచి తవుడొస్తోంది."

"తవుడా?"

"పత్తిగింజల పొట్టు కూడా. గేదెలు పైపు దగ్గర్నించి కదలట్లేదు. తోలబోతే నన్నే కోపంగా చూస్తున్నాయి."

అందరూ నా వైపు తిరిగారు. అత్తయ్యే నోరు విప్పింది. "ఒరేయ్, నీళ్లు రావాల్సింది ఆ పగుల్లోంచేగా. దాన్ని మూసేసి ఇంకెక్కడ వెతుకుతున్నార్రా?"

సముద్రంలో పగులు దొంగ, మన బురద ఎత్తుకుపోతుంది. నేల మీద పగులే నీళ్లొచ్చే దారి. ఈ చిన్న తేడా నాకు తట్టలేదు. రాఘవయ్యగారి బోరుకి నీళ్లు తెచ్చే దారినే అదృష్టవశాత్తూ పట్టుకుని, మావయ్య గొడ్ల మేతతో దానికి బిరడా కొట్టాను. కుడితిలో పడ్డ ఎలుక గురించి మీరు వినే ఉంటారు. కుడితి స్వయంగా కలుపుకుని మరీ దూకిన ఎలుకని నేను.

"ఇప్పుడేం చేద్దాం సార్?" అన్నాడు డ్రైవరు.

"హెల్మెట్ నీకిస్తా. నువ్వే చెప్పు."

"పోసింది బయటికి ఊదండయ్యా," అని విసుక్కున్నాడు మావయ్య.

రాడ్లు పగులు దాకా పైకి లేపి, గాలి పూర్తిగా వదిలారు. మావయ్య మిరపమొక్కల వంక చూస్తున్నాడు. నేను నందిగామ బస్సొచ్చే వైపు చూస్తున్నాను. నేల లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది. మరుక్షణం పొట్టూ తవుడూ మట్టీ తాటిచెట్టంత ఎత్తు లేచి, గాలివాటం చూసుకుని మా నెత్తినే పడ్డాయి. వాటి వెనకే నీళ్లు.

మావయ్య ఒళ్లు దులుపుకోలేదు. వంగి, దోసెడు పట్టి, వాసన చూశాడు.

"ఊళ్లో అందరికీ బోర్లలో నీళ్లు పడతాయి. మనకి కుడితి పడింది," అన్నాడు. "రాఘవయ్యా, నీ గేదెల్ని ఇటు తోలు. అల్లుడు చదివిన చదువుకి ఇన్నాళ్లకి గిరాకీ తగిలింది."

పొద్దుగూకేలోపు రెండు బోర్లలోనూ నీళ్లు తేటపడ్డాయి. తోటకి తడి అందింది, పూత నిలిచింది.

కనుక సముద్రం సాక్షిగా, సున్నపురాయి సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: ఇకమీదట నేల మీద ఏ చిల్లు, ఏ పగులు, ఏ కన్నం కనిపించినా, అది ఎందుకుందో కనుక్కోకుండా మూయను. వంటింట్లో కుళాయి కారుతోందని మా ఆవిడ పండగ ముందు నుంచీ చెబుతోంది.

కనుక్కుంటున్నాను.