స్తంభం చాటు మేనేజరు

కూకట్‌పల్లిలో ఒక కాలేజీలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెబుతాను. పోయిన నెల హైటెక్ సిటీలో యంత్రాల డిజైన్లు చేసే ఒక కంపెనీ తమ కొత్త ఉద్యోగులకు క్లాసు చెప్పమని పిలిచింది. పిలిచిన మేనేజరు గేటు దాకా ఎదురొచ్చి, ‘రండి మేడం’ అంటూ నా సంచి తనే మోశాడు. అందులో క్లాసులో చూపించే ఇనుప కోన్ ఉంది. సంచి తనిఖీ మిషన్‌లోకి వెళ్లగానే తెర మీద నల్లగా గుండ్రటి ముద్ద కనబడింది.

‘ఏందమ్మా ఇది? అందరు జర పక్కకు జరుగుండ్రి!’ అని గార్డు అరిచాడు.

జనం నన్ను బాంబు తెచ్చినదాన్ని చూసినట్టు చూశారు. మేనేజరైతే ‘ఈవిడెవరో నాకు సరిగ్గా తెలీదు’ అనేసి స్తంభం వెనక్కి తప్పుకున్నాడు! నాకు ఒళ్లు మండిపోయింది.

‘మీ మిషన్ పై నుంచే చూస్తోంది, సంచిని పడుకోబెట్టి మళ్లీ పంపించు బాబూ’ అన్నాను. గార్డు జంకుతూనే పంపాడు. ఈసారి త్రిభుజం కనబడింది. తెరిచి చూసి, ‘ఏమనుకోకమ్మా, మా డ్యూటీ గిట్లనే ఉంటది’ అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు.

క్లాసులో కోన్‌ని బల్ల మీద పెట్టి, ‘పై నుంచి చూస్తే ఏం కనబడుతుంది?’ అని అడిగాను.

‘సర్కిల్ మేడం!’ ముందు వరుసలోంచి ఆ మేనేజరే హుషారుగా చెప్పాడు.

‘స్తంభం చాటు నుంచి చూస్తేనో?’ అన్నాను.

ఏ వస్తువునూ ఒక్క వైపు నుంచే చూసి తేల్చేయకూడదని ఏళ్ల తరబడి చెబుతున్నాను. కొందరు మనుషులను తేల్చడానికి మాత్రం ఒక్క వైపు చాలు.