పైపు నేర్చుకోవడానికి పీర్జాదిగూడకు

నాచారం నుంచి పీర్జాదిగూడకు వెళ్లడాన్ని యాత్ర అంటే మా ఇంట్లోవాళ్లే నవ్వారు. మధ్యలో ఉప్పల్ రింగు రోడ్డు ఉందన్న సంగతి వాళ్లు మరిచిపోయినట్టున్నారు.

కారణం పైపు. నీళ్ల పైపు కాదు, పొగ తాగే పైపు. నేను నాచారంలో ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌గా పనిచేసి మొన్న ఎండాకాలంలో రిటైరయ్యాను. ఖాళీగా ఉన్నానని మా అపార్ట్‌మెంట్ వాళ్లు నన్ను అసోసియేషన్ ప్రెసిడెంటును చేశారు. అప్పటినుంచి మీటింగులో నేను నోరు తెరవగానే అందరికీ ఫోన్లు వస్తున్నాయి. మాటకు బరువు ఎలా వస్తుందా అని ఆలోచిస్తుంటే మా పాత మేనేజరు దానియేలు సార్ గుర్తొచ్చారు. ఆయన నోట్లో ఎప్పుడూ పైపు ఉండేది. ఏదడిగినా వెంటనే జవాబిచ్చేవారు కాదు. పైపు తీసి, మనల్ని చూసి, మళ్లీ పెట్టుకునేవారు. అడిగినవాడు తన ప్రశ్నలోనే ఏదో తప్పుందనుకొని వెళ్లిపోయేవాడు. రిటైరైనవాళ్లకు ఒక హాబీ ఉండాలని డాక్టర్లు అంటారు. ఏ హాబీయో చెప్పరు కనుక నేను ఆన్‌లైన్‌లో పైపు తెప్పించాను.

పొగాకు మాత్రం దొరకలేదు. ఉప్పల్‌లో ఒక పాన్ డబ్బా అతన్ని పైపు పొగాకు ఉందా అని అడిగితే, "పైపులు పక్క షాపుల దొరుకుతయ్ అన్నా. ఇంచుదా, అర ఇంచుదా?" అన్నాడు. వివరంగా చెప్పాక, బీడీలు విప్పి పోసుకొమ్మని సలహా ఇచ్చాడు. అలాగే చేసి, సాయంత్రం బాల్కనీలో ముట్టించాను. నాలుగుసార్లు ఆరిపోయింది. అయిదోసారి అంటుకునేసరికి నాకు దగ్గు అందుకుంది. పైఅంతస్తువాళ్లు ఎవరో చెత్త కాలబెడుతున్నారని అరిచారు. మా ఆవిడ సుగుణ వచ్చి చూసి, "మంచిగనే ఉన్నది. దోమలన్న పోయినయ్" అని తలుపు వేసుకుంది.

ఇక గురువు దగ్గరికి వెళ్లి నేర్చుకోవాల్సిందేనని ఆదివారం ఉదయం చర్చిలో ఆరాధన కాగానే బయలుదేరాను. పదకొండు ప్రాంతంలో ఉప్పల్ బస్సు వచ్చింది. రింగు రోడ్డు దాకా నిలబడే ప్రయాణం చేశాను. అక్కడ ఇరానీ చాయ్ తాగి షేర్ ఆటో ఎక్కాను. వరంగల్ రోడ్డు మీద ఫ్లైఓవర్ పని ఇంకా సాగుతూనే ఉంది. దుమ్ముకు అందరూ ముక్కులు మూసుకున్నారు. పక్కన కూరగాయల సంచితో కూర్చున్న ఆవిడ నా జేబులోకి చూసి, "గదేందన్నా, ఆయాసం మిషనా?" అని అడిగింది.

"కాదమ్మా, పైపు."

"నీళ్ల నల్లాదా?"

అవునన్నాను. దాంతో ఆమెకు తృప్తి కలిగింది.

దానియేలు సార్ పీర్జాదిగూడలో కూతురు గ్రేస్ దగ్గర, ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉంటున్నారు. చుట్టూ కొత్త బిల్డింగులు లేస్తున్నాయి. తలుపు తీసిన గ్రేస్ గొంతు తగ్గించి, "అంకుల్, నాన్న మాట్లాడుతుంటే మధ్యల మాట అందియ్యకుండ్రి. జర ఆగితే అదే వస్తది" అంది. నాకు అర్థం కాలేదు.

సార్ సన్నబడ్డారు. నోట్లో పైపు లేదు. నేను జేబులోంచి నాది తీసి ఆయన చేతిలో పెట్టి, ముట్టించడం నేర్పమని అడిగాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోరు తెరిచారు. మాట రాలేదు. పెదవులు అదురుతున్నాయి. నేను మాట అందించబోయి, గ్రేస్ చెప్పింది గుర్తొచ్చి ఆగాను.

"నా పైపుల నుంచి పొ... పొ... పొగ వచ్చుడు నువ్వెప్పుడన్న జూసినవా, రత్నం?"

ఆలోచించాను. అన్నేళ్లలో ఒక్కసారి కూడా చూసిన గుర్తు లేదు.

"అండ్ల పొగాకు వెయ్యనే లేదు. ముట్టిచ్చుడు నాకే రాదు. నాకు న... నత్తి. పైపు ఉంటే ఆలోచిస్తుండు అనుకునేటోళ్లు. 'ఊఁ', 'సూద్దాం'. గీ రెండు మాటల మీద నౌకరంత ఎల్లదీసిన."

నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన నవ్వు ఆపి, "ఫ్యాన్ల కోసం మీరంత వచ్చిన్రు, యాదికున్నదా?" అన్నారు.

ఎందుకు లేదు! ప్యాకింగ్ హాల్లో ఓవెన్ల వేడికి ఉండలేక, ఫ్యాన్లు కావాలని మేమంతా ఆయన గది ముందు నిలబడ్డాం. ఆయన పైపు తీసి మావైపు చాలాసేపు చూశారు. మేం తలలు వంచుకొని మెషీన్ల దగ్గరికి వెళ్లిపోయాం. మాటకు బరువంటే నాకు గుర్తొచ్చేది ఆ రోజే.

"మీరు చెప్పింది ని... నిజమే అందామనుకున్న" అన్నారు సార్. "'మీ' కాడనే ఆగిపోయిన. మీరు ఆగలే. ఎల్లిపోయిన్రు."

"తెల్లారి పిలువొచ్చు గద సార్?"

"పిలిస్తే మల్ల మాట్లాడాలె గద."

ఫ్యాన్లు ఇంకో రెండు ఎండాకాలాల తర్వాత వచ్చాయి. ఈలోగా ప్యాకింగ్‌లో యాదమ్మ మెషీన్ పక్కనే కళ్లు తిరిగి పడిపోయింది. సార్ ఆ పేరు పలకడానికి చాలాసేపు పట్టింది. రిటైరైన రోజే పైపును మూసీలో పడేశానని చెప్పారు. నేను అంతగా మెచ్చుకున్న ఆ మౌనంలో మా ఫ్యాన్లు ఇరుక్కుపోయి ఉన్నాయి.

గ్రేస్ బగారన్నం, మటన్ కూర వడ్డించింది. తింటున్నంతసేపూ సార్ మాట్లాడుతూనే ఉన్నారు. ఒక్కో మాట దగ్గర ఆగుతారు, మేం ముక్క నములుతూ ఆగుతాం, మాట వస్తుంది. ముప్పై ఏళ్లు ఆయన కింద పనిచేసినా ఆయనకు ఇంత హాస్యం తెలుసని నాకు తెలియదు. పైపు తిరిగి ఇచ్చేస్తూ, "చెక్క మంచిదే. గోడకు మే... మేకు లెక్క కొట్టుకో, అంగీ తగిలేసుకోవచ్చు" అన్నారు.

నాలుగింటికి ఆటో బుక్ చేశాను. సార్ వద్దన్నా వినకుండా కింద గేటు దాకా వచ్చారు. నేను ఎక్కి కూర్చున్నాక ఆటో కడ్డీ పట్టుకొని ఏదో చెప్పబోయారు. రాలేదు. డ్రైవర్ ఇంజన్ రేజ్ చేసి హారన్ కొట్టాడు. వెనక ఇసుక లారీ కూడా కొట్టింది. ఇంజన్ ఆపమన్నాను. విసుగ్గా ఆపాడు. సార్ మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు మూసుకున్నారు. లారీవాడు దిగి వచ్చి, మా ముగ్గురినీ చూసి, ఏమనుకున్నాడో వెనక్కి వెళ్లాడు.

"మ... మ... మల్ల రా" అన్నారు సార్.

బోడుప్పల్ దాటాక డ్రైవర్ ఉండబట్టలేక, "గంతసేపు ఏం జెప్పిండన్నా ఆ పెద్దమనిషి?" అని అడిగాడు.

"మల్ల రమ్మన్నడు."

"గంతేనా?"

"గంతే."

అటు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇది: రింగు రోడ్డు నుంచి షేర్ ఆటోలు బాగానే దొరుకుతాయి, దుమ్ముకు రుమాలు ఉంచుకోండి, సాయంత్రానికి వేరే పని పెట్టుకోకండి. పెళ్లిళ్లకని, గృహప్రవేశాలకని నన్ను ఇంతవరకు చాలామంది పిలిచారు. ఇంత కష్టపడి మాత్రం ఎవరూ పిలవలేదు.