నా అర్జీలో పెద్దమ్మ గంజి

ఆ రోజుల్లో కొలువు కావాలంటే చదువు ఉన్నా లేకున్నా, చేతిలో ఒక అర్జీ మాత్రం ఉండి తీరాలి. అది మనం రాసుకునేది కాదు. కచ్చేరి ఎదుట నీడకు గుడ్డ కట్టుకుని చాప మీద కూర్చునే మున్షీ రాసేది, అదీ ఉర్దూలో. మన గురించి మనకే తెలియని గొప్పలెన్నో అందులో ఉండేవి. మొన్న మా మనవరాలు ఏదో పెద్ద ఆసుపత్రిలో ఆహార నిపుణురాలి ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ, 'నాయకత్వ లక్షణాలు' అన్న చోట కలం ఆపి, "తాతా, ఈడ ఏం రాయాలె?" అని అడిగింది. నాకు నవ్వు ఆగలేదు. సరిగ్గా అలాంటి చోటే ఒకప్పుడు నేను కొంచెం కూడా సిగ్గుపడకుండా రాయించిన రాత, అది నన్ను తీసుకెళ్ళి నిలబెట్టిన చోటు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. మాది అమరచింత పక్కన పల్లె. నేను నాగలి పడితే సాలు వంకర, గొర్రు పడితే విత్తనం పక్క చేనులో. నన్ను చూసి చూసి విసిగిన మా నాయన, వానలు పడేలోగా ఏదైనా కొలువు చూసుకోకపోతే లింగాలలో ఉన్న మా మేనమామ దగ్గరికి సేద్యానికి పంపిస్తానని తేల్చి చెప్పాడు. (మా మేనమామ మంచివాడే. కాకపోతే తెల్లవారకముందే లేచేవాడు, తనతో పాటు ఊరినంతా లేపేవాడు.) ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటికి కునుకు లేదు. అటువంటి సమయంలో పట్నం దవాఖానలో రోగులకు పథ్యం చూసే మనిషి కావాలట అన్న కబురు చెవిన పడింది. ఏ పట్నమో చెప్పను. గద్వాల వాళ్ళు వనపర్తి అనుకోండి, వనపర్తి వాళ్ళు నాగర్‌కర్నూల్ అనుకోండి. నాగర్‌కర్నూల్ వాళ్ళు ఎలాగూ గద్వాలే అనుకుంటారు.

మున్షీ దగ్గర కూర్చుంటే ఆయన మొదట అడిగిన ప్రశ్న, నా మాట ఇంతవరకు ఎంతమంది విన్నారని. పది మందిని నడిపించగలిగిన వాడే కావాలని ఆ దవాఖాన డాక్టర్ సాబ్ గట్టిగా చెప్పాడట. నేను చాలాసేపు ఆలోచించాను. నా మాట వినే ప్రాణి మా ఇంట్లో ఒక్క బర్రె మాత్రమే, అది కూడా దానికి ఇష్టమైనప్పుడు. ఆ సంగతి చెప్తే మున్షీ కలం కింద పెట్టేశాడు. అప్పుడు నా నోట మా పెద్దమ్మ కథ వచ్చింది. వచ్చింది గానీ అందులో పెద్దమ్మ రాలేదు, ఆమె ఉన్న చోటల్లా నేను వచ్చాను.

అసలు కథ ఇది. అంతకు రెండేళ్ళ ముందు మా ఊళ్ళో ఇంటికొకరు చొప్పున జ్వరంతో మంచం పట్టారు. మా అమ్మకు అక్కైన మా పెద్దమ్మ, తన వాకిట్లో పెద్ద కాగు పెట్టి జొన్న గంజి కాయడం మొదలుపెట్టింది. ఎవరి చేతి నీళ్ళు ఎవరు ముట్టాలన్న పట్టింపులు గట్టిగా ఉన్న కాలం. మొదటి రోజు ఆ గంజి తాగడానికి ఒక్కరూ రాలేదు. మర్నాడు పెద్దమ్మ ఏం చేసిందంటే, ఊళ్ళో అందరికంటే ఎక్కువ వంకలు పెట్టే పటేలు గారి తల్లిని పిలిచి, ఆమె అరచేతిలో రెండు చుక్కల గంజి వేసింది. "జర నోట్లెయ్యక్కా. జ్వరమొచ్చి లేసిన కాంచి నా నోటికి రుచి తెలుస్తలేదు. ఉప్పు సరిపోయిందా?" అంది. ఆ ముసలామె చప్పరించి, తక్కువైందని తల ఊపింది. "అయితే నీ చేత్తోనే ఎయ్యి" అని పెద్దమ్మ ఉప్పు గిన్నె ఆమె ముందు పెట్టింది. అంతే, ఆ పూట నుంచి అది పెద్దమ్మ గంజి కాదు, పటేలమ్మ ఉప్పేసిన గంజి. ఇది తిండి కాదు, మందు, మందుకు పట్టింపేందని ఆ ముసలామే చెంబు పట్టుకుని తన వాడకట్టంతా తిరిగింది. ఆ తర్వాతి రోజు సాయిబుల గల్లీ నుంచి ఒక పెద్దావిడ వచ్చి ఉప్పు చూసింది, ఆ మరుసటి రోజు ఇంకో వాడకట్టు నుంచి మరొకరు. నెల తిరిగేసరికి ఊరు ఊరంతా ఒకే కాగులో గంజి తాగి లేచి కూర్చుంది. ఆ నెలంతా నేను చేసిన పని కట్టెలు మోయడం, మోసిన కట్టెల మోపు మీదనే కూర్చుని కునికిపాట్లు పడటం. ఆమె గొప్పతనం అప్పుడు నాకు తెలియలేదు. ఈ రోజు తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అర్జీలో మాత్రం కట్టెలు లేవు, కునికిపాట్లు అసలే లేవు. నేను వేలెత్తితే ఊళ్ళు కదిలినట్టు, నేను కన్నెర్రజేస్తే జ్వరాలు పారిపోయినట్టు మున్షీ రాసి, చదివి వినిపించాడు. వింటుంటే నాకే నా మీద గౌరవం పుట్టింది.

డాక్టర్ సాబ్ హైదరాబాదు నుంచి వచ్చిన ముసల్మాను, పొడుగాటి మనిషి. మాట మెత్తన. అర్జీ రెండుసార్లు చదివి, మా పెద్దనాయన దగ్గర అరువు తెచ్చుకున్న చెప్పుల నుంచి తలపాగా దాకా నన్ను చూశాడు. ఆయన పరేషాన్ అంతా ఒకటే. పన్నెండు మంది రోగులున్నారు, దవాఖాన గంజి ఒక్కరూ ముట్టరు. తోడు వచ్చిన వాళ్ళు ఇళ్ళ నుంచి తెచ్చిన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం దిండ్ల కింద దాచి పెడుతున్నారు. టైఫాయిడ్ తగ్గుతున్న కుర్రవాడొకడు ఆ రొట్టె తిని మళ్ళీ జ్వరం తెచ్చుకున్నాడు. "మూడు దినాలు టైమిస్త. ఈళ్ళతోని గంజి తాగిపియ్యి. నౌకరి నీదే" అన్నాడు.

మొదటి రోజు నేను స్టూలు ఎక్కి నిలబడి, పథ్యం గురించి ఉపన్యాసం ఇచ్చాను. గంజి తాగని వాళ్ళ పేర్లు డాక్టర్ సాబ్‌కు చెప్తానని బెదిరించాను కూడా. అందరూ బుద్ధిగా విన్నారు. మానవపాడు నుంచి వచ్చి, కాలికి కట్టుతో పడుకున్న ఒక తాత నేను దిగేదాకా ఆగి, "సారూ, అంత మంచిదంటున్నవు గద, నువ్వు తాగినవా?" అని అడిగాడు. నేను తాగలేదు. తర్వాత చాటుగా తాగి చూశాను. ఆయన మాటలో తప్పు లేదనిపించింది. ఆ సాయంత్రం పన్నెండు గిన్నెల గంజీ దవాఖాన వెనుక ఉన్న మేకలు తాగాయి.

రెండో రోజు నాకు మెరుపులా పెద్దమ్మ ఉప్పు గిన్నె గుర్తొచ్చింది. ఇంత సులువైన కిటుకు పెట్టుకుని ఉపన్యాసాలెందుకు అనుకున్నాను. ఉప్పు తక్కువ వేయించి, కాగును వార్డు మధ్యకు తెప్పించి, మొదటి మంచం నుంచి మొదలుపెట్టాను. అరచేతిలో రెండు చుక్కలు, సరిపోయిందా అన్న ప్రశ్న, తక్కువైందన్న జవాబు, మీ చేత్తోనే వేయండన్న నా మర్యాద. తర్వాత రెండో మంచం. అక్కడా అదే. రోగులనే ఎందుకు, తోడు వచ్చిన వాళ్ళను మాత్రం ఎందుకు చిన్నబుచ్చాలని వాళ్ళనూ అడిగాను. ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా మెట్ట పొలాల వాళ్ళు ఉప్పు కారాలకు వెనకాడే జనం కాదు. దానికి తోడు, పక్కవాడు ఉప్పు వేస్తుంటే తాను వేయకపోతే తన మాటకు విలువ లేనట్టు. అలా దాదాపు ఇరవై మంది తలా ఒక పిడికెడు వేశారు.

ఆ గంజి ఎలా ఉందో వేరే చెప్పనక్కరలేదు. కానీ వింతేమిటంటే ఉప్పెక్కువైందని ఒక్కరూ అనలేదు. తాను వేసిన ఉప్పును తానే ఎలా తప్పు పడతాడు? అందరూ రోషానికి ఒక్కో గుక్క మింగి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఎదుటివాడు ఎక్కువ వేశాడని ఒకరినొకరు చూసుకున్నారు. కాసేపట్లో చూపులు మాటలయ్యాయి, మాటలు పెద్దవయ్యాయి. నేను స్టూలెక్కి మళ్ళీ నాయకత్వం మొదలుపెట్టేసరికి దాహానికి వార్డు కుండలో నీళ్ళు కూడా అయిపోయాయి. సరిగ్గా అప్పుడే డాక్టర్ సాబ్ వచ్చాడు. ఆయన చూపు నా మీద పడలేదు, మూలనున్న మంచం మీద పడింది. ఒంటికి నీరు పట్టి కాళ్ళు ఉబ్బిన ఒక అవ్వ గిన్నె నోటికెత్తుకోబోతోంది. ఆయన రెండంగల్లో వెళ్ళి ఆ గిన్నె పట్టుకున్నాడు. ఆమెకు ఉప్పు అస్సలు పెట్టకూడదని మొదటి రోజే నాకు చెప్పి ఉన్నాడు. నేను నాయకత్వంలో పడి మరిచిపోయాను.

ఇన్నేళ్ళ తర్వాత నవ్వుతూ చెప్తున్నాను గానీ, ఆ క్షణం స్టూలు దిగి గోడ పక్కకు చేరాను. ఆయన కేకలు వేయలేదు. ఆ గంజి కొంచెం నోట్లో వేసుకుని, ముఖం చిట్లించి, జేబులోంచి నా అర్జీ తీశాడు. "గిందుల రాసిన పని చేసిన మనిషి ఎవరు? నిజం చెప్పు" అన్నాడు. మా పెద్దమ్మ అని చెప్పాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు పట్టినంతసేపు మున్షీకి మొత్తం అర్జీ రాయడానికి కూడా పట్టి ఉండదు. "అయితే రేపు ఆమెను తోల్కరా" అని ఆయన వెళ్ళిపోయాడు.

బండి దొరక్క సగం దూరం నడిచి ఊరు చేరాను. పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కొడుతోంది. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పేశాను. ఆమె పేరు తీసి నా పేరు పెట్టించానని చెప్పేటప్పుడు తల ఎత్తలేదు. ఆమె రొట్టె తిరగేసి, అది కాలేదాకా చూసి, అప్పుడు మాట్లాడింది. "నీ పేరు రాసుకుంటే రాసుకున్నవు గని బిడ్డా, సగమే రాసినవు. నేను దినానికి ఒక్కరినే అడిగిన. ఆ ఒక్కరు ఎయ్యంగ సరిపోయేంతనే తక్కువేసిన. నువ్వు కట్టెల మీద నిద్రపోతివి, గా సంగతి నువ్వు చూడలే" అంది. కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు ఆమె వార్డులోకి వచ్చి ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మంచం మంచం దగ్గరా కూర్చుని, ఏ ఊరు, ఎన్ని ఎకరాలు, ఈ ఏడు జొన్న ఎట్లుందని అడిగింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, నేను రెండు రోజులు ఆ గదిలో తిరిగినా చూడని సంగతి చెప్పింది. దిండ్ల కింద రొట్టెలు దాచి రోగులకు పెడుతున్న వాళ్ళు తాము ఏమీ తినడం లేదు. "ఆళ్ళు మాట విననోళ్ళు కాదురా, తమోళ్ళ మీద ప్రేమున్నోళ్ళు. ఆకలితోని ఉన్నరు" అంది. ఒక్క రొట్టె కూడా పారేయించలేదు. తోడు వచ్చిన వాళ్ళందరినీ వరండాలో కూర్చోబెట్టి ఆ రొట్టెలు వాళ్ళకే తినిపించి, కడుపు నిండాక వాళ్ళ చేతనే జొన్నలు విసిరించి గంజి కాయించింది. ఉప్పు వేయకముందే అవ్వ గిన్నె పక్కకు తీసి, అందులో నిమ్మకాయ పిండింది. చివరికి మానవపాడు తాత అరచేతిలో రెండు చుక్కలు వేసి, రుచి చూసి చెప్పమంది. ఒక్క తాతనే. ఆయన కళ్ళు మూసుకుని చప్పరించి, లేచి కూర్చుని, చిటికెడంటే చిటికెడు ఉప్పు వేశాడు. ఆ తర్వాత గంజి వదిలిపెట్టిన వాళ్ళందరినీ పేరుపెట్టి పిలిచి కోప్పడింది ఆయనే.

డాక్టర్ సాబ్ తలుపు దగ్గర నిలబడి అంతా చూశాడు. పెద్దమ్మను అక్కడే ఉండిపొమ్మని చాలాసేపు అడిగాడు. జొన్న కోతకొచ్చింది సాబ్, నేను లేకుంటే మా ఇంటాయనకు కొడవలి యాడుందో తెల్వదని చెప్పి, ఆమె అదే సాయంత్రం బండెక్కింది. ఆయన నాకు ఒక తెల్ల కాగితం ఇచ్చి, అర్జీ మళ్ళీ రాయమన్నాడు, ఈసారి నా చేత్తో, తెలుగులో. నేను ఇలా రాశాను: 'నేను ఎవరినీ నడిపించలేదు. కట్టెలు మోశాను. ఉప్పు ఎక్కువ చేశాను. తప్పు చెప్పుకున్నాను. మా పెద్దమ్మను పిలుచుకొచ్చాను.' కాంపౌండర్ చదివి వినిపిస్తే డాక్టర్ సాబ్ చివరి రెండు ముక్కలు మళ్ళీ చదివించుకున్నాడు. "ఎవర్ని పిలవాల్నో తెలిసినోడు నాకు చాలు" అన్నాడు. లింగాలలో మా మేనమామ ఆ ఏడు కూడా ఒక్కడే లేచి ఊరిని లేపుకున్నాడు.

ఆ పథ్యం పని నేను ముప్పై ఏళ్ళకు పైగా చేశాను. స్టూలు మాత్రం మళ్ళీ ఎక్కలేదు. పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. ఏ కాగితం మీదా ఆమె పేరు లేదు, అందుకే ఇక్కడ ఇంత రాశాను. మనవరాలు ఇదంతా విని, తన దరఖాస్తులో చివరికి ఏం రాసిందో నాకు చూపించలేదు. కానీ పంపేముందు వంటింట్లోకి వచ్చి, నేను పొయ్యి మీద పెట్టిన చారు అరచేతిలో వేసుకుని, "తక్కువైంది తాతా" అని తానే ఉప్పు వేసింది. తక్కువైందని నాకు తెలుసు. అరువు చెప్పులతో, వేలెత్తి ఊళ్ళను కదిలించిన ఆ ఇరవై ఏళ్ళ మహానాయకుడు ఎక్కడైనా ఎదురుపడితే, వాడి అరచేతిలో కూడా రెండు చుక్కలు వేసి, ఉప్పు సరిపోయిందా అని అడగాలని ఉంది.