రేడియో వదిన రికార్డు చేసిన మాటలు

లాండ్రీలో పనిచేసే తెలుగువాళ్ళంతా ఆమెను రేడియో వదిన అనేవాళ్ళు. ఇస్త్రీ బల్ల ముందు నిలబడిందంటే చేతికన్నా నోరే ముందు నడిచేది. అలాంటి మనిషికి, వీధి చివరి ఆస్పత్రి నర్సు ఒక పని అప్పగించేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది.

పొట్ట చేత పట్టుకుని ఈ ఊరొచ్చిన ఆడవాళ్ళకు ఒక క్యాన్సర్ పరీక్ష గురించి చెప్పాలి. ఆస్పత్రివాళ్ళు పంచిన కాగితంలో 'గర్భాశయ కంఠ పరీక్ష' అని ఉంది. దుప్పట్లు మడతపెట్టే పిన్ని అది చదివి, నా కంఠం బాగానే ఉంది, రోజూ ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నానుగా అంది. అందరూ నవ్వారు. పరీక్షకు మాత్రం ఒక్కరూ వెళ్ళలేదు.

వదిన సిగ్గుపడుతూ 'కింద ఇబ్బందిగా ఉంటే రండి' అని మార్చింది. పిన్ని మోకాళ్ళ నొప్పికి మందు కావాలని వెళ్ళింది.

ఇక దాస్తే లాభం లేదనుకున్నారు వదినా, నర్సూ. 'పిల్లసంచి మూతి' అన్నారు. ముట్లు ఆగిపోయాక మళ్ళీ రక్తం కనపడితే ఊరుకోవద్దన్నారు. చూసేది ఆడమనిషేననీ, తెర వేసి దుప్పటి కప్పుతారనీ చేర్చారు. ఇది తిరుగుళ్ళ జబ్బు కాదు, కాపురం చేసిన ఏ ఆడదానికైనా రావచ్చు అన్న మాట వదినే కలిపింది. దుప్పట్ల గది తలుపేసుకుని ఫోన్లో రికార్డు చేసింది. ఆడవాళ్ళకు తప్ప ఇంకెవరికీ వినిపించనని నర్సు మాటిచ్చింది.

కానీ ఎవరు ఎవరికి పంపారో, ఆ గొంతు ఫోను నుంచి ఫోనుకు పాకి మగవాళ్ళ గదుల్లోకి చేరింది.

ఆ సాయంత్రం వదిన భర్త కాళ్ళు కూడా కడుక్కోకుండా మంచం మీద కూర్చున్నాడు. "అన్నయ్య విన్నాడు. ఆదివారం రమ్మన్నాడు."

"నా గొంతని తెలిసిందా?"

"నీ గొంతు చెవిటివాడు కూడా గుర్తుపడతాడు."

బావగారు రంగుల పని మేస్త్రీ. తమ్ముడికి పని ఇచ్చిందీ, ఈ గది చూపించిందీ ఆయనే. ఆయనకు కోపమొస్తే రెండూ పోతాయి. ఆదివారం వచ్చేదాకా వదిన, లాండ్రీలో ఇద్దరు గుసగుసలాడుకుంటే తన గురించేననుకునేది. ఆ ధ్యాసలో ఒక దిండు గలీబు మాడ్చేసింది కూడా.

బావగారు కేకలేస్తే బాగుండేది. వెయ్యలేదు. మెల్లగా, "మనింటి కోడలి గొంతు విని నా కింద పనిచేసేవాళ్ళు నవ్వుకుంటున్నారు. రేపు వాళ్ళ మొహం ఎలా చూడాలో నువ్వే చెప్పమ్మా" అన్నాడు.

అంతలో వదిన అక్కా అని పిలిచే తోడికోడలు ఆమెను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, కుళాయి తిప్పింది. ఈవిడ కూడా తిడుతుందనే వదిన అనుకుంది. నీళ్ళ చప్పుడు మాటున అక్క అంది:

"నువ్వు ఫోన్లో చెప్పింది నాకే చెప్పినట్టుంది. ఎప్పుడో ఆగిపోయింది మళ్ళీ కనపడుతోందే. ఆయనకు తెలిస్తే ఏమనుకుంటారోనని గుడ్డలు దాచి ఉతుక్కుంటున్నాను."

మార్కెట్టుకని చెప్పి ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. తెర వెనక వదిన అక్క చెయ్యి ఆపకుండా నిమురుతూనే ఉంది. ఫలితం వచ్చేదాకా ఫోను మోగితే చాలు, వదిన ఇస్త్రీ పెట్టె వదిలేసి పరుగెత్తేది. చివరికి నర్సు పిలిచి చెప్పింది: మూతి దగ్గర క్యాన్సర్ మొదలైంది, ఇంకా పాకలేదు, పిల్లసంచి తీసెయ్యాలి.

ఇప్పుడు మేస్త్రీకి చెప్పక తప్పదు. నువ్వే చెప్పవే, నాకు నోరు రాదు అంది అక్క.

బావగారు పెరట్లో కుంచెలు కడుక్కుంటున్నాడు. వదిన ఎదురుగా వెళ్ళి నిలబడింది. కింద అనీ, ఆడవాళ్ళ ఇబ్బంది అనీ నసగలేదు. "బావగారూ, అక్కకు పిల్లసంచి మూతి దగ్గర క్యాన్సర్ మొదలైంది. ఆపరేషన్ చెయ్యాలి. ఇందులో అక్క తప్పేం లేదు."

ఆయన చేతిలో కుంచె నీళ్ళలోనే ఆగిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరేమనుకుంటారోనని."

"బతుకుతుందా?"

"ఆలస్యం చెయ్యకపోతే బతుకుతుందన్నారు."

ఆయన తడి చేతులతోనే లోపలికి వెళ్ళి, భార్య పక్కన కూర్చున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆదివారం అన్న మాటను ఆయన వెనక్కి తీసుకోనూ లేదు, మళ్ళీ ఎత్తనూ లేదు. రంగుల పనివాళ్ళలో కొందరు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. పిన్ని మాత్రం పరీక్ష చేయించుకుని, ఇంకో ఇద్దరిని తీసుకెళ్ళింది.

అక్కకు ఇప్పటికీ ఏడాదికోసారి పరీక్ష ఉంటుంది. ఆ వారమంతా ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు. బావగారు ఆస్పత్రి మెట్లదాకా వస్తాడు, లోపలికి రాడు. వదినా, అక్కా బయటికి రాగానే భార్యను ఏమీ అడగడు. ముందు వదిన మొహం చూస్తాడు.