గడ్డంలో దూది

ఆదోనిలో మేం పనిచేసిన జిన్నింగు మిల్లులో ఒక చాచా ఉండేవాడు. పని దిగినాక అందరం గేటు కాడ తువ్వాలుతో దూది దులుపుకునేవాళ్లం. ఆయన మాత్రం దులుపుకునేవాడు కాదు. గడ్డం నిండా దూదితో, మబ్బుతునక నడిచిపోయినట్టు మెల్లగా ఇంటికి పోయేవాడు.

ఒకనాడు ఆ మిల్లును ఎమ్మిగనూరు సేటు కొనుక్కున్నాడు. "మీ పాత సర్వీసుతో నాకు సంబంధం లేదు. ఈ పొద్దే కొత్తగా చేరినట్టు సంతకాలు పెట్టండి" అన్నాడు. ఇన్నేండ్ల మా చాకిరీ ఒక్క మాటతో పోతాంది. అందరం చాచా దిక్కు చూసినాం.

ఆయన మొదటిసారి తువ్వాలు తీసి గడ్డం దులిపినాడు. దూది ఎండలో తేలుతూ చానాసేపు కిందికి దిగలేదు. గడ్డం ఇంకా తెల్లగానే ఉంది.

"దూదైతే దులిపినా సేటూ, ఈ తెలుపు ఎట్ల దులపల్ల?" అన్నాడు.