ఎత్తు కొలిచిన టీచరమ్మ

హోసూరులో మేముండే వీధి చివర ఎవరో రాగులు వేయిస్తుంటారు. ఆ వాసనకు నాకు సరోజమ్మ టీచర్ గుర్తొస్తారు. వేప్పనపల్లి దగ్గర మా పల్లెలో ఆమె అంగన్‌వాడీ నడిపేవారు. అప్పట్లో నేను పొద్దున్నే కంపెనీ బస్సెక్కి హోసూరుకు పనికి వచ్చేదాన్ని. మూడేళ్లు నిండని నా కూతురు భవానిని మా అత్త చూసుకునేది.

నాకు సెలవున్న ఒక శనివారం పాపను అంగన్‌వాడీకి తీసుకెళ్తే, టీచర్ గోడకు ఆనించి ఎత్తు కొలిచారు. నమ్మకం కుదరక మళ్లీ కొలిచారు. "వయసుకు తగ్గ ఎత్తు లేదమ్మా. ఆరు నెలలుగా ఈడనే నిలబడిపోయినాది" అన్నారు. నాకు కోపమొచ్చింది. "మా ఇంట్లో అందరూ పొట్టే టీచరమ్మా. తిండికేం తక్కువ చేయలేదు" అన్నాను. ఆమె వాదించలేదు. మర్నాడు ఆదివారం, పాప తినే వేళకు ఇంటికొచ్చి ఊరికే కూర్చున్నారు.

అత్త చారు కలిపిన అన్నం నాలుగు ముద్దలు పెట్టింది. పాప మొహం తిప్పుకోగానే గిన్నె తీసేసి, టీలో ముంచిన బిస్కెట్ చేతికిచ్చింది. "దినామూ ఇంతే. వద్దంటే ఏం చేసేది?" అంది.

"భేదులైతే ఏం పెడతావమ్మా?" అని టీచర్ అడిగారు.

"ఒట్టి గంజే."

టీచర్ ఎవరినీ తప్పుపట్టలేదు. రాగిముద్దలో పప్పు, ఉడికిన గుడ్డు మెదిపి పాప ఎదుట కూర్చున్నారు. పాప వద్దంటే ఆగారు, వాకిట్లో కోడిని చూపించి కబుర్లు చెప్పారు, మళ్లీ పెట్టారు. గిన్నె ఖాళీ కావడానికి చాలాసేపు పట్టింది. "మొగం తిప్పుకుంటే కడుపు నిండినాదని కాదు. రవ్వంత ఆగల్ల. జబ్బు చేసినా తిండి ఆపొద్దు, నయమైనాక ఒక పూట ఎక్కువే పెట్టల్ల."

"అట్ల చేస్తే అంతా సరైపోతాదా?" అని అడిగాను.

"పోయిన ఎత్తంతా తిరిగి రాదమ్మా. ఇంక పోకుండా చూసుకోవచ్చు."

ఆ మాటన్నందుకు ఆమెను చాలా రోజులు క్షమించలేకపోయాను. అయినా సాయంత్రం తిండి నేనే పెట్టేలా షిఫ్టు మార్పించుకున్నాను. నాకంటే అత్తే త్వరగా నేర్చుకుంది. పాప మెల్లగా ఎదిగింది.

టీచర్ పోయిన ఏడాది కాలం చేశారు. భవాని ఇప్పుడు ఏడో తరగతి. బడిలో వరసలో ముందు నిలబడేది తనే. మొన్న అడిగింది: "నేనొక్కదాన్నే ఎందుకమ్మా పొట్టి?" తప్పును అత్త మీదనో, ఉద్యోగం మీదనో తోసేయవచ్చు. "చిన్నప్పుడు నీకు సరైన తిండి పడలేదు. నేను గమనించుకోలేదు" అన్నాను.  నాకు లేచి వెళ్లిపోవాలనిపించింది. కానీ చేదు నిజం చెప్పాక అక్కడినుంచి తప్పుకోకూడదని, నేను కోపపడినా మర్నాడే మా ఇంటికొచ్చి కూర్చున్న సరోజమ్మగారి దగ్గరే నేర్చుకున్నాను. భవాని అడగాలనుకున్నవన్నీ అడిగేదాకా నేను కదల్లేదు.