ఆయ్ అన్నందుకు

మా ఇంట్లో అందరూ నాకు ముక్కు మీదే కోపం అంటారు. నిజమే. కాని మా జిల్లాలో పుట్టినవాడికి కోపం ఉండి ఏం లాభం? ఎంత తిట్టబోయినా చివర్న 'అండీ' వచ్చి కూర్చుంటుంది. ఒకసారి ఏలూరు స్టేషను బయట నా వ్యానుకు జట్కా తగిలించినవాణ్ణి ఆపి, "కళ్ళు కనిపించట్లేదాండీ మీకు?" అని గట్టిగా అడిగాను. "నాకు బాగానే కనిపిస్తున్నాయండీ, గుర్రమే బెదిరిందండీ" అన్నాడు. ఇక దెబ్బలాట ఎక్కడ సాగుతుంది? ఇద్దరం కలిసి గుర్రాన్ని సముదాయించి ఎవరి దారిన వాళ్ళం పోయాం.

ఈ మర్యాద నన్ను ఇరుకున పెట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. అన్నిటికన్నా ఖరీదైనది మాత్రం ఇది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను కొల్లేటి చేపల వ్యాను తోలేవాణ్ణి. లంక గ్రామాల్లో పట్టిన చేపలు పడవల మీద ఒడ్డుకు వచ్చేవి. వాటిని బుట్టల్లో ఐసు వేసి సర్దించుకుని ఏలూరు స్టేషనుకు చేర్చి, కలకత్తా వైపు వెళ్ళే పార్సిలు బండికి ఎక్కిస్తే నా పని అయిపోయినట్టే. పని కష్టం కాదు, వాసనే కష్టం. ఎన్నిసార్లు స్నానం చేసినా సరే, సినిమాకు వెళితే మాకు అటొకటి ఇటొకటి కుర్చీలు ఖాళీగా ఉండిపోయేవి. నాకు అదొక సదుపాయంగానే తోచేది. చేతులు చాపుకుని కూర్చోవచ్చు. పక్కన కూర్చున్న మా ఆవిడ మాత్రం తెరకేసి చూస్తూ ఉండేది, ఏమీ అనేది కాదు.

మా పెళ్ళయిన నాలుగేళ్ళకు ఈ వాసన వదిలే రోజు వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఒక బస్సు యజమాని, ఏలూరుకు తిరిగే తన బస్సుకు డ్రైవరు కావాలని నన్ను పిలిపించాడు. నా లైసెన్సు పుస్తకాన్ని వెనకా ముందూ తిరగేశాడు.

"ఒక్క మచ్చ లేదండీ మీ పుస్తకంలో. వచ్చే ఒకటో తారీఖున వచ్చి బస్సెక్కెయ్యండి. ఈలోగా ఏ కేసూ పడకుండా చూసుకోండి. మచ్చపడితే మాత్రం నేను తీసుకోలేనండీ."

ఇస్త్రీ చేసిన ఖాకీ బట్టలు, టిక్కెట్టు కొనుక్కుని ఎక్కే మనుషులు, ముందు అద్దానికి పూలదండ. ఇంటికొచ్చి చెప్పగానే మా ఆవిడ గోడ మీద కాలెండరులో ఒకటో తారీఖు చుట్టూ కుంకుమతో సున్నా చుట్టింది. అప్పటికి ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. ఆ ఇరవై రెండు రోజులు నిదానంగా తోలి ఉంటే నేను ఇదంతా రాయవలసిన అవసరమే లేదు.

అయిదో రోజున కొల్లేట్లో గుర్రపుడెక్క మొక్కలు అడ్డంపడి పడవ ఆలస్యమైంది. నేను ఏలూరు స్టేషనుకు చేరేసరికి పార్సిలు బండి కదిలి వెళ్ళిపోతోంది. మా చేపల షావుకారు ప్లాటుఫారం మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"పద్దెనిమిది బుట్టలండీ. ఐసు కరిగిపోతుందండీ. ఆ బండి ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది కదండీ. గూడెంలో అందుకోలేరాండీ?"

యజమానిలా గద్దించి ఉంటే కుదరదని చెప్పేవాణ్ణి. అండీ అని బతిమాలితే ఏం చెయ్యను? మళ్ళీ వ్యానెక్కాను.

ఏలూరు నుంచి గూడెం దాకా రోడ్డూ, రైలు పట్టాలూ చాలా చోట్ల పక్కపక్కనే పోతాయి. భీమడోలు స్టేషనులో బండి ఆగి ఉంటే దాటేశాను. పుల్ల ఊరి దగ్గరకొచ్చేసరికి అది నన్ను దాటింది. దాటితే దాటింది, వెనక పెట్టెలో నిలబడ్డ గార్డు నాకేసి చూసి చెయ్యి ఊపాడు. వీడ్కోలు చెప్పినట్టు ఊపాడు. అక్కడ నాకు పౌరుషం వచ్చింది. కోపాన్ని నోటితో తీర్చుకోలేని జిల్లావాణ్ణి, కాలితో తీర్చుకున్నాను. తర్వాతి స్టేషనులో బండిని మళ్ళీ దాటేశాను. బుట్టల్లోంచి ఐసు నీళ్ళు రోడ్డు పొడుగునా ధార కడుతున్నాయి. ఉంగుటూరు పొలిమేరలో 'వేగము 15 మైళ్ళు' అని బోర్డు ఉంది. ఆ బోర్డు చూడలేదని తర్వాత చాలామందితో చెప్పాను గాని, చూశాను.

బోర్డు దాటాక ఒక ఫర్లాంగు రాయి దగ్గర కానిస్టేబులు ఎర్రగుడ్డ ఎత్తాడు. తర్వాతి ఫర్లాంగు రాయి దగ్గర నీడలో కుర్చీ వేసుకుని సబ్ ఇన్‌స్పెక్టరుగారు కూర్చున్నారు. చేతిలో గుండ్రటి స్టాప్‌వాచీ. ఆయన లేచి చెయ్యి అడ్డం పెట్టారు. వ్యాను ఆగింది గాని, ఆయన్ని దాటి పది గజాలు పోయాక ఆగింది.

"ఏవండీ డ్రైవరుగారూ, తొందరేంటండీ?"

"ఆయ్, చేపలండీ."

"చేపలకు తొందరాండీ?"

"ఆయ్, ఐసు కరిగిపోతోందండీ."

ఆయన జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని గాలికి ఎదురు వైపుకు మారారు. "ఫర్లాంగు దూరం పన్నెండు సెకన్లలో వచ్చారండీ. అంటే గంటకు ముప్పై ఏడు మైళ్ళ పైమాటే. ఇక్కడ పదిహేనే కదండీ. బోర్డు చూడలేదాండీ?"

"ఆయ్, లేదండీ."

నా పేరు, మా నాన్నగారి పేరు, ఊరు, లైసెన్సు నంబరు అన్నీ అడిగి, ఎంతో గౌరవంగా, గుండ్రటి అక్షరాలతో కేసు రాసుకున్నారు. ఆయన రాస్తూండగానే పార్సిలు బండి మా పక్కనుంచి వెళ్ళిపోయింది. అదే గార్డు మళ్ళీ చెయ్యి ఊపాడు.

అక్కణ్ణుంచి బుద్ధిగా పదిహేను మైళ్ళతో గూడెం చేరాను. చూద్దును కదా, పార్సిలు బండి అక్కడే ఉంది. వెనకనుంచి వచ్చే మెయిలుకు దారి ఇవ్వడానికి అరగంట నుంచి ఆపేశారట. పద్దెనిమిది బుట్టలూ తాపీగా ఎక్కించాను. మొదట్నుంచీ ఎడ్లబండిలా వచ్చినా అందేదన్నమాట. ఆ అరగంట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే మా ఆవిడ కాలెండరు వైపు చూసింది.

"లైసెన్సు మీద రాస్తారాండీ?"

"కోర్టులో నేరం ఒప్పుకుంటే రాస్తారు."

"అయితే ఒప్పుకోకండి."

షావుకారు మాట కూడా అదే. ఆ స్టాప్‌వాచీ ఎంత చూపించిందో ఎవరు రుజువు చేస్తారండీ, గట్టిగా లేదనెయ్యండి అన్నాడు. ఒకటో తారీఖుకు నాలుగు రోజుల ముందు కోర్టుకు రమ్మని సమను వచ్చింది. ఇక మా ఇంట్లో రిహార్సలు మొదలైంది. మా ఆవిడ పీట మీద కూర్చుని మేజిస్ట్రేటు. నేను చేతులు కట్టుకుని ముద్దాయి.

"నేరం ఒప్పుకుంటావా?"

"ఆయ్, లేదండీ."

"ఆ ఆయ్ తీసెయ్యండి."

"ఆయ్, తీసేస్తాను."

ఈ ఆయ్ సంగతి మా వైపువాళ్ళకు చెప్పక్కర్లేదు, తక్కినవాళ్ళకు చెప్పాలి. మాకంటే పెద్దవాళ్ళు ఏ మాటన్నా ముందు ఆయ్ అంటాం. అవునని కావచ్చు, వింటున్నానని కావచ్చు, తమరు పెద్దలు అని కావచ్చు. ఒక్కోసారి ఏమీ కాకపోవచ్చు, గొంతు సవరించుకోవడం లాంటిది. అసలు జవాబు దాని వెనక వస్తుంది. కాబట్టి ఆయ్ తర్వాత కాస్త ఆగి వినాలని మా దగ్గర అందరికీ తెలుసు. వారం రోజులు ప్రయత్నించినా నా నోటినుంచి అది ఊడి రాలేదు. మా ఆవిడకు విసుగొచ్చి, "పోనీలెండి, లేదండీ అన్నది మాత్రం మర్చిపోకండి" అని వదిలేసింది.

కోర్టులో ఆ రోజు దీపం లేని సైకిళ్ళవాళ్ళు, లాంతరు కట్టని బళ్ళవాళ్ళు, నేను. మేజిస్ట్రేటుగారు రాయలసీమ నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చారు. సన్నటి మనిషి, చెయ్యి మహా చురుకు. అడగడం, రాయడం, తర్వాతివాణ్ణి పిలవడం, అంతే. మా ఆవిడ వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. నా వంతు వచ్చింది.

"ఏమప్పా, వేగంగా తోలినావని కేసు. ఒప్పుకుంటావా?"

"ఆయ్."

'లేదండీ' నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా ఆయన కలం రెండు గీతలు దాటిపోయింది. "ఒప్పుకున్నాడు. జరిమానా యాభై రూపాయలు. లైసెన్సు మీద ఎక్కించండి. తర్వాత?"

యాభై రూపాయలంటే ఇంచుమించు నా నెల జీతం.

"లేదండీ" అన్నాను.

"ఏంది లేదు?"

"నేను ఒప్పుకోలేదండీ."

"ఇప్పుడే కదప్పా ఒప్పుకుంటివి?"

"ఆయ్."

హాలంతా గొల్లుమంది. నవ్వనివాళ్ళం ఇద్దరమే, ఆయనా, నేనూ. బెంచి గుమస్తా మా ప్రాంతంవాడు, నవ్వు ఆపుకుంటూ లేచి మేజిస్ట్రేటుగారికి వినయంగా విన్నవించాడు. ఇక్కడివాళ్ళు పెద్దలముందు ముందుగా ఆయ్ అంటారనీ, దాన్ని లెక్కలోకి తీసుకోరాదనీ. ఆయన నమ్మలేదు. నావైపు తిరిగారు.

"నిరుడు ఈ ఊళ్ళో ఖజానా కొల్లగొట్టింది నువ్వేనా?"

"ఆయ్, కాదండీ."

అప్పుడు ఆయన కూడా నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, తాను రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టారు.

"పొరపాటు నాది. మీ మాట నాకు తెలియక రాసినా. ఇప్పుడు నిదానంగా చెప్పు. ఆ బోర్డు దగ్గర వేగంగా తోలినావా, లేదా? లేదంటే లేదనే రాసుకుంటా, సాక్షులను పిలిపించి విచారిస్తా."

అని కలం పట్టుకుని కూర్చున్నారు. అంత చురుకైన మనిషి నా మాట కోసం ఆగి ఉన్నారు. అప్పటిదాకా నా జీవితంలో ఏ ఆఫీసరూ నేనేం చెబుతానో వినడానికి కలం ఆపిన పాపాన పోలేదు. పొరపాటు నాదని ఏ ఆఫీసరూ అనలేదు. కిటికీలోంచి మా ఆవిడ తల అడ్డంగా ఊపుతోంది. నేను చెప్పవలసింది ఒక్క మాట. వారం రోజులు చెప్పిందే. ఆ పెద్దమనిషి మొహం చూస్తూ ఆ మాట అనడానికి నాకు చచ్చేంత సిగ్గనిపించింది.

"వేగంగానే తోలానండీ" అన్నాను. "బోర్డు కూడా చూశానండీ."

ఆయన నాకేసి ఒక క్షణం చూసి, రాసుకున్నారు. నిజం చెప్పినందుకు కాస్త తగ్గిస్తారేమోనని ఆశ పడ్డాను. తగ్గించలేదు. అదే యాభై. లైసెన్సు మీద ఎర్రసిరాతో నాలుగు వరుసలు ఎక్కించి ఇచ్చారు.

అటునుంచి అటే మా ఆవిడతో కలిసి గూడెం వెళ్ళి బస్సు యజమానికి పుస్తకం చూపించాను. దాచిపెట్టి చేరితే రేపైనా తెలుస్తుంది కదా. ఆయన ఆ ఎర్రసిరా చదివి, రెండు చేతులతో పుస్తకం తిరిగి ఇచ్చాడు.

"మీరు మంచివారండీ. కాని బస్సుకేదైనా అయితే ముందు అడిగేది ఈ పుస్తకమేనండీ. మరొకర్ని చూసుకుంటానండీ."

కాఫీ ఇప్పించి పంపాడు. తిరుగు ప్రయాణంలో నేను లోపల్లోపల కొంచెం మురిసిపోతూనే ఉన్నాను. ఉద్యోగం పోతే పోయింది, నిండు కోర్టులో నిజం చెప్పినవాణ్ణి కదా. ఇల్లు చేరి తాళం తీస్తూ ఆవిడ అంది.

"నిజం చెప్పారు, బాగానే ఉంది. రేపట్నుంచి మీ బట్టలు మీరే ఉతుక్కోండి."

అంతేనా అనుకున్నాను. అంతకంటే పెద్ద శిక్షకే సిద్ధపడి ఉన్నాను.

మర్నాడు తెల్లారగానే చేపల చొక్కా, పంచె చంకన పెట్టుకుని ఏలూరు కాలవ మెట్ల దగ్గరకు దర్జాగా వెళ్ళాను. ఒక రాయి ఖాళీగా ఉంటే దాని మీద బట్టలు పెట్టాను. పక్కన ఉతుక్కుంటున్న ఆడవాళ్ళలో పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఎంతో మెత్తగా చెప్పింది.

"ఏవండీ అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. చేపల బట్టలు మెట్ల మీద కాదండీ. అదిగో, ఆ కింద మురుగు వచ్చి కలుస్తుంది చూడండి, అక్కడ ఉతుక్కోవాలండీ. మీ ఆవిడ రోజూ అక్కడే ఉతుకుతారండీ."

వెళ్ళాను. అక్కడ మెట్లు లేవు, రాయి లేదు. మోకాలిదాకా బురద. ఉతకడానికి ఆవిడే తెచ్చి వేసుకున్నట్టుంది, ఒక విరిగిన తలుపు చెక్క ఉంది. మూడుసార్లు సబ్బు పెట్టి బాదాను. వాసన పోలేదు. చొక్కా మడతల్లో ఎండిన పొలుసులు వేళ్ళకు గీరుకుని మంట పుట్టించాయి. పైన మెట్ల మీద ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ, నావైపు చూడకుండా మర్యాదగా ఉతుక్కుంటున్నారు. ఆ ఉద్యోగం కావలసింది నాకనీ, పోగొట్టుకున్నది నేననీ అప్పటిదాకా అనుకుంటూ ఉన్నాను. నాలుగేళ్ళుగా రోజూ ఆ బురదలో నిలబడి, ఆవిడ ఆ సంగతి నాతో ఒక్కసారి కూడా అనలేదు.